మోత ఆగిన పూట

సోమవారం, ముసురు

రాసుకో, మాటల పెట్టే. డాక్టర్ వర్ధని, పిల్లల వార్డు, అడుగులంక. డ్యూటీ దిగిన ప్రతి డాక్టరూ నీతో కాసేపు మాట్లాడి తీరాలని కమిటీ రూలు కాబట్టి మాట్లాడుతున్నాను. ఈ రోజు మీరెలా ఉన్నారని మాత్రం అడక్కు. నిన్నా అడిగావు, మొన్నా అడిగావు. కాళ్ళు పీకుతున్నాయి. ఆ సంగతి నీకు చెప్పి ఏం లాభం?

పొద్దున్నే నా తొక్కుడు వంతు అయింది. ఏడేళ్ళు నిండిన ప్రతి మనిషీ రోజూ సైకిలెక్కి తొక్కాలి, ఆ కరెంటు ఊళ్ళోకి ఊరే నీళ్ళని తోడి పోసే పంపులకి వెళ్తుంది. ఎండ ఉన్న రోజుల్లో పైనున్న సోలారు పలకలే చాలావరకు నడిపేస్తాయి. ముసురు పట్టిందంటే వంతు రెట్టింపు. తొక్కి, దిగి, అన్నంలో ఇంత చింతకాయ పచ్చడి కలుపుకుని నిలబడే తిని వచ్చేసరికి వార్డు బయట వరస. అన్నీ గొంతు నొప్పులే. చుట్టూ గట్టు, గట్టుకి అవతల మన నెత్తికి పైన సముద్రం. ఒకళ్ళు దగ్గితే ఆ గాలి ఎక్కడికి పోతుంది? ఊరంతా తిరిగి మళ్ళీ మన ముక్కులోకే వస్తుంది.

వరస చివర్లో లీల నిలబడింది. ఉమ్మడి వంటశాలలో గరిటె తిప్పే లీల. పక్కన తొమ్మిదేళ్ళ కూతురు కౌముది. పోయిన నెల ఆ పిల్లకీ గొంతు పట్టింది, జ్వరమొచ్చింది, దానంతటదే తగ్గిందన్నారు. ఇప్పుడు వేరే గొడవ.

"వారం నుంచీ చేతులు కడుగుతానే ఉందండి," అంది లీల. "కడిగి కడిగి ఎలాగైపోయాయో చూడండి. గరిటె పట్టుకుంటే జారిపోద్ది. రాత చూసి టీచరుగారు కోప్పడ్డారంట. ఏమన్నా అంటే ఏడుపు. ఇంతకుముందు ఇలాంటి పిల్ల కాదండి ఇది."

కౌముది ముఖం దానిష్టం వచ్చినట్టు మెలికలు తిరుగుతోంది. భుజం ఒకటి ఉలిక్కిపడినట్టు ఎగురుతోంది. నాలుక బయట పెట్టమంటే పెట్టింది, నిలపలేకపోయింది, సర్రున లోపలికి లాక్కుంది. నా వేళ్ళు గట్టిగా పట్టుకోమన్నాను. పట్టు బిగిసింది, వదులైంది, మళ్ళీ బిగిసింది, అచ్చం పాలు పితికినట్టు. బడిలో మనసు డాక్టరు చీటీ రాసి పంపాడు. మనసు కేసు, భయం ఎక్కువ, రోజూ ఇంకో వంతు తొక్కిస్తే కుదుటపడుతుంది. ఆయనకి అన్నిటికీ అదొక్కటే మందు.

"దేనికమ్మా భయం?" అని అడిగాను. మా ఊళ్ళో గుసగుసలు కుదరవు, పంపుల మోతకి అందరం అరిచే మాట్లాడుకుంటాం. ఆ పిల్ల మంచమెక్కి నా చెవిలో నోరు పెట్టి చెప్పింది.

"నేను తొక్కకపోతే మోత ఆగిపోద్దండి."

ఈ జబ్బు నాకు తెలుసు. చదువుకునే రోజుల్లో పైన మెరక ఆసుపత్రిలో ఒక్కసారి చూశాను. గొంతులో దూరిన పురుగుని తరమడానికి ఒంట్లో కాపలావాళ్ళు బయల్దేరతారు. పురుగు పోయాక కూడా వాళ్ళు ఆగరు, దాని పోలికలున్న మన సొంత భాగాల మీదే పడతారు. మెదడు మీద పడితే ఇలా వంకర్లు, భయాలు, చేతులు కడగడాలు. మెదడు దగ్గర ఆగితే నేనింత కంగారు పడను. వాళ్ళకి గుండె కవాటాల రుచి కూడా తెలుసు.

రొమ్ము మీద చెవిబిళ్ళ అతికించాను. అది గుండె విని, పచ్చ దీపం వెలిగించింది. అంతా బాగుందట. పెన్సిలిన్ ఇంజెక్షన్ చేశాను, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. తొక్కుడు మాన్పించమని చీటీ రాశాను. బిళ్ళ ఎర్రగా చూపిస్తే తప్ప వంతు మాఫీ కుదరదని నా చీటీ కమిటీ నుంచి సాయంత్రానికల్లా తిరిగొచ్చింది.

మంగళవారం

లీల ఇంటికెళ్ళాను. కౌముది మంచం మీద పడుకుని ఉంది, దుప్పటి కింద కాళ్ళు మాత్రం ఆడుతున్నాయి. సైకిలు మీద లేకపోయినా తొక్కుతూనే ఉంది.

ఈ మోత గురించి కొంచెం చెప్పాలి. నువ్వు దాన్ని తీసేసి మా మాటలే రాసుకుంటావుగా, నిన్ను అలా తయారుచేశారు. మా ఊళ్ళో పిల్లలు పుట్టినప్పటి నుంచీ పంపులు తిరుగుతున్న చప్పుడే వింటారు. పసిపిల్ల ఏడిస్తే ఉయ్యాల జరిపి గోడలో పైపుకి ఆనిస్తారు, ఆ ఒణుకుడుకి నిద్రపోతుంది. నిశ్శబ్దం అనే మాటని బళ్ళో బొమ్మ గీసి నేర్పుతారు. మోత ఆగిందంటే నీళ్ళొస్తున్నాయని అర్థం. అప్పుడు ఉన్నవాళ్ళు ఉన్నట్టు పిల్లల్ని చంకనేసుకుని గట్టు మెట్లెక్కాలి. నడక రాకముందే అందరికీ వచ్చిన చదువది. ఇంకే ఊళ్ళోనైనా ఈ జబ్బొచ్చిన పిల్ల దెయ్యాలకి భయపడుతుందేమో. మా పిల్ల దీనికి భయపడింది.

లీలతో గుండె మాట ఎత్తాను. ఆవిడ చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది.

"గుండె అనకండి డాక్టరుగారూ. మనసంటే రేపో మాపో తగ్గిపోద్ది. గుండె అంటే నేను బతకలేను. బిళ్ళ పచ్చగా చూపిస్తంటే మీరెందుకండి లేనిపోనివి?"

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"ఎక్కువ వంతు తొక్కుతుంది గదండి, రాదా?"

"దిండు లేకుండా పడుకుంటే ఊపిరాడుతోందా?"

మంచం మీద మూడు దిండ్లున్నాయి, వాటిలో ఒకటి ఆవిడ చీరల మూట.

గురువారం

అలసిపోయాను. అయినా చెబుతాను, ఇవాళ చాలా జరిగింది.

మధ్యాహ్నం కౌముది కాస్త కునుకు తీసినప్పుడు నాడి చూశాను. భయంతో గుండె దడదడలాడితే నిద్రలో నెమ్మదిస్తుంది. దీనికి నెమ్మదించలేదు. నిద్రలో కాళ్ళు ఆగాయి, భుజం ఆగింది, ముఖం పసిపిల్ల ముఖంలా అయింది, నాడి ఒక్కటే పరుగులు పెడుతోంది. ఇది మనసు చేసే పని కాదు.

వార్డుకి తిరిగొచ్చి బీరువా అడుగున ఉన్న నా పాత స్టెతస్కోపు తీశాను, దుమ్ము దులిపాను. పెట్టి వింటే ఏముంది, పంపుహౌసే వినబడింది. ఈ ఊళ్ళో ఎవరి రొమ్ము మీద పెట్టినా అదే. గోడలూ నేలా మంచం కోళ్ళూ అన్నీ మోగుతాయి, వాటితో పాటు మన ఎముకలూ మోగుతాయి. అందుకే బిళ్ళలు తెప్పించుకున్నాం. వచ్చిన కొత్తలో అవి ఊరంతటికీ ఎర్ర దీపం చూపించాయి. అందరం గుండె జబ్బువాళ్ళమే అని ఒక పూట ఏడుపులు కూడా అయ్యాయి. తర్వాత మావాళ్ళే తెలివిగా పంపుల మోత రికార్డు చేసి, ఇదిగో ఈ చప్పుడు వినబడితే తీసేసి లెక్క చూడు అని బిళ్ళకి నేర్పారు. మర్నాటికి ఊరంతా పచ్చ. పంపుహౌసులో బూందీ పంచారు. అప్పటినుంచి ఈ ఊళ్ళో ఒక్క పిల్లకీ గుండె జబ్బు లేదు. మెరకవాళ్ళు మమ్మల్ని మెచ్చుకున్నారు కూడా.

అంతకుముందు ఏటా ఒకరో ఇద్దరో ఉండేవారు. వాళ్ళంతా ఏమైపోయారని ఎవరికీ అనుమానం రాలేదు.

కూర్చుని ఆలోచిస్తుంటే ఒకటి తట్టింది. కాలేజీలో మాకు పాఠం చెప్పిన శబ్దాలు ఇంకా నా దగ్గరున్నాయి. కారే కవాటం ఉన్న గుండె ఎలా కొట్టుకుంటుందో అందులో ఉంది. లబ్ అన్నాక డబ్ అనేలోపు భుస్‌మని ఒక ఊదుడు ఉంటుంది, రక్తం వెనక్కి జారే చప్పుడు. ఆ శబ్దం పెట్టి, స్పీకరు మీద బిళ్ళ అతికించాను. పచ్చ. మళ్ళీ పెట్టాను. పచ్చ. ఆ ఊదుడూ మన మోతా ఒకే స్థాయిలో ఉన్నాయి. మోతని కడిగేస్తూ జబ్బుని కూడా కడిగేస్తోంది ఈ బిళ్ళ.

మెరక ఆసుపత్రికి ఫోను చేశాను. అక్కడి పెద్ద డాక్టరమ్మ మంచిదే, తీరిక లేని మనిషి. "బిళ్ళకి చెవుడని ఒప్పుకుంటాను, కానీ ఆ పిల్లకి జబ్బుందని దాంతో ఎలా తేలుతుంది? ఈ గాలుల్లో ఎగిరే పడవ పంపాలంటే ఇద్దరు పైలట్ల ప్రాణాలు. ఆ పిల్ల గుండె చప్పుడు శుభ్రంగా నాకు వినిపించు, ఆ పూటే పంపుతాను," అంది.

శుభ్రంగా వినిపించాలట. సాయంత్రం కౌముదిని ఎత్తుకుని గట్టెక్కాను, ఇనప మెట్ల మీద మూడుసార్లు కూర్చున్నాను. పైన మోత లేదు నిజమే. గాలి ఉంది, వాన ఉంది, గట్టుని తన్నే సముద్రం ఉంది. స్టెతస్కోపులో హోరు తప్ప ఇంకేం లేదు. పిల్ల నా మెడ పట్టుకుని, "దిగిపోదామండి, నా వంతు టైమైపోతంది," అని ఏడుస్తూనే ఉంది. దిగొచ్చాం.

శుక్రవారం

పంపుహౌసు పెద్ద గంగరాజు నాకు బావ, మా అక్క మొగుడు. ముప్పై ఏళ్ళుగా ఆ యంత్రాల పక్కనే ఉండి ఉండి మనిషికి సగం చెవుడు.

"ఏం మరదలా, ఇలా ఊడిపడ్డావు? మీ అక్క పంపిందా, నేను బీడీ కాలుస్తున్నానేమో చూసి రమ్మని?"

"పంపులు ఆపాలి బావా."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి అతనూ ఆపేశాడు.

"మతుండే మాట్లాడుతున్నావా?"

"కాఫీ తాగేంతసేపు చాలు. సముద్రం బాగా వెనక్కి తగ్గిన పాటు వేళ చూసి ఆపు."

"పాటు వేళైతే నీళ్ళ సంగతి ఎలాగో చూసుకోవచ్చు. మళ్ళీ ఎత్తుకోకపోతే? మూడో పంపు ఫుట్‌వాల్వు కారుతోంది. అది తిరుగుతున్నంతసేపే మన మాట వింటది. ఆపామంటే పైపులో నీళ్ళన్నీ కిందకి జారిపోతాయి. అప్పుడు బకెట్లతో పోసి నింపి బతిమాలుకోవాలి దాన్ని."

"ఆ పిల్ల గుండెలో కూడా వాల్వు కారుతోందని నా అనుమానం బావా. కొట్టుకున్నప్పుడల్లా రక్తం కొంత ముందుకి, కొంత వెనక్కి. అందుకని గుండె రెట్టింపు లాగుతోంది. దాని చేత మనం రోజూ రెండు వంతులు తొక్కిస్తున్నాం."

బావ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. "బిళ్ళ చూపించదా మరి?"

చెప్పాను. బిళ్ళకి నేర్పిన ఆ మోత రికార్డు చేసి ఇచ్చింది అతనే. అప్పట్లో దానికి అతని మెళ్ళో దండ కూడా వేశారు. విని, వెళ్ళి మూడో పంపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నేనాపుతాను," అన్నాడు చివరికి. "కమిటీతో నువ్వు మాట్లాడుకో. అమ్మాజీగారంటే నాకు భయం."

ఆదివారం

అమ్మాజీగారు కమిటీ ప్రెసిడెంటు. అప్పుడెప్పుడో గట్టు తెగిన రోజు వాళ్ళమ్మ చంకలో మెట్లెక్కిన మనిషి. వాళ్ళ అన్న ఎక్కలేకపోయాడు. కమిటీ మీటింగులో ఆవిడ ముందు మోత ఆపుదామనే మాట రెండుసార్లు మింగి, మూడోసారి అనేశాను.

"ఆగిన మరుక్షణం ఊరు ఊరంతా మెట్ల మీద ఉంటుంది," అంది ఆవిడ. "ముందే చెప్పినా సరే. ఒళ్ళు వింటుందా వర్ధనీ? తొక్కిసలాటలో ఎవరి కాళ్ళ కింద ఎవరు పడతారో చెప్పగలవా? ఒక్క పిల్ల కోసం అంతమందిని..."

"ఒక్క పిల్లే అని ఎలా అంటున్నారండి? బిళ్ళకి చెవుడని చెబుతున్నాగా. ఈ ఏడు గొంతు పట్టిన పిల్లలు ఎంతమంది? అందులో ఎవరి గుండె ఎలా ఉందో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

మనసు డాక్టరు లేచి, ఇంకొన్నాళ్ళు తొక్కించి చూద్దాం అన్నాడు. కొందరు తలలూపారు. నాకు కోపం కూడా రాలేదు, అంత ఓపిక లేదు. కుర్చీలోనే ఇలా వాలిపోయి నిద్రపోతే బాగుండుననిపించింది.

అప్పుడు వెనక నుంచి లీల వచ్చింది. వంటశాల నుంచి అలాగే వచ్చేసినట్టుంది, కొంగుకి పసుపు మరకలు. ఊళ్ళో అందరూ ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళే.

"నిన్న మెట్ల దగ్గర నా కూతురు పెదాలు నల్లబడ్డాయండి," అంది. "డాక్టరుగారు గుండె అంటే ఆవిడ మీద కోప్పడ్డాను. భయమేసి కోప్పడ్డాను. ఇప్పుడింకా భయంగా ఉంది. మొదట్లో తొక్కనంటే తిట్టి సైకిలెక్కించాను, ఇప్పుడు దించుతానంటే అదే దిగట్లేదు. దాని గుండెలో ఏముందో నాకు తెలియాలండి. మీ పిల్లల్ని మీరు మెట్లెక్కించుకోండి. నేను మాత్రం దాని పక్కనే ఉంటాను, నీళ్ళొచ్చినా ఉంటాను."

అమ్మాజీగారు బావ వైపు తిరిగి, "మంగళవారం పాటు ఏ వేళకి?" అని అడిగింది.

సోమవారం

ఇంటింటికీ మనుషుల్ని పంపి చెప్పించారు. రేపు పగలు మోత ఆగుతుంది, మనమే ఆపుతున్నాం, ఎవరూ పరుగెత్తొద్దు.

కౌముదికి నేనే చెప్పాను. దాచి ఆపితే ఆ పిల్ల నన్ను జన్మలో నమ్మదు. విన్నది, ముఖం మెలికలు తిరిగింది, "రేపు ఇంకా గట్టిగా తొక్కుతానండి, ఆపకండి," అని నా చెయ్యి పట్టుకుంది. బావ వచ్చి కూర్చుని, "నీ తొక్కుడుకి నా మోటారు చిటికెన వేలు కూడా కదలదే పిల్లా, అది తిరిగేది నా వల్ల," అని ఆట పట్టించాడు. అది తలూపింది. దుప్పటి కింద కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. మాటలకి లొంగే భయమైతే ఇంతదాకా ఎందుకు వస్తుంది?

బుధవారం, తెరిపి

ముందు పనికొచ్చేవి చెబుతాను, తర్వాత నా ఇష్టం.

నిన్న పాటు వేళకి బావ పంపులు ఆపాడు. వార్డులో కౌముది గుండె విన్నాను. లబ్ తర్వాత ఊదుడు ఉంది. సైకిలు ట్యూబుకి చిల్లి పడితే వచ్చే చప్పుడులా, ఎడమ చంక దాకా పాకి ఉంది. మైకు పెట్టి మెరకకి వినిపించాను. పెద్ద డాక్టరమ్మ రెండోసారి వినిపించమని కూడా అడగలేదు. గాలి కాస్త తగ్గింది కాబట్టి ఎగిరే పడవ రేపు పొద్దున వస్తుంది. లీల కూడా వెళ్తుంది. వాపు తగ్గే మందులు డాక్టరమ్మ ఫోనులోనే చెప్పింది, మొదలుపెట్టాను. ఆ తర్వాత పూర్తి విశ్రాంతి, ఇరవై ఏళ్ళు దాటేదాకా మూడు వారాలకోసారి ఇంజెక్షన్. కవాటం కొంతవరకు కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. ఇప్పుడే ఏమీ చెప్పలేమంది. నేనూ లీలకి అదే చెప్పాను. కూర్చుని ఏడ్చింది, తర్వాత లేచి బట్టలు సర్దుకుంది.

మూడో పంపు వెంటనే ఎత్తుకోలేదు, అది తిరిగితే గానీ మిగతావీ తిరగవు. బావ అన్నంత పనీ అయింది, పైపులో నీళ్ళు జారిపోయాయి. మగాళ్ళూ ఆడాళ్ళూ వరస కట్టి బకెట్లు అందించారు. లోతట్టు వీధుల్లో చీలమండలు మునిగాయి, అమ్మాజీగారి ఇంట్లోకి కూడా వచ్చాయి. కాఫీ తాగేంతసేపు అనుకున్నది వంట అయ్యేంతసేపు అయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ ఆలస్యం వల్లే మిగతావాళ్ళని వినగలిగాను. మోత ఆగిన క్షణం ఏమైందో చెబుతాను. చెవులు మూసుకుపోయాయనుకున్నాను. తర్వాత వాన చూరు మీంచి కారే చప్పుడు వినబడింది, ఎక్కడో ఎవరో తుమ్మడం వినబడింది. ఆ వెంటనే పరుగులు. అమ్మాజీగారు అన్నట్టే ఒళ్ళు మాట వినలేదు. తల్లులందరూ పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి వచ్చేశారు. మెట్ల దాకా వచ్చి ఆగారట. ముందుగా ఎవరు తిరిగారో తెలీదు, ఒక్కొక్కళ్ళే వార్డు వైపు తిరిగారు. నేను తలెత్తేసరికి గుమ్మం నిండా తల్లులు. ఎవరూ అరవడం లేదు. "మావాడిని కూడా వినండమ్మా, పోయిన నెల గొంతు పట్టింది," అని ఒకావిడ మెల్లగా అంది. మెల్లగా అన్నా వినబడినందుకు ఆవిడే తెల్లబోయింది.

నడుం విరిగేలా వంగి విన్నాను. ఇద్దరిలో ఊదుడు వినబడింది. ఒక పాప, ఒక బాబు. ఆ బాబుకి ముఖం మెలికలు తిరగడం లేదు, చేతులు కడగడం లేదు, ఏ భయమూ లేదు. రోజూ తొక్కి, బడికెళ్ళి, గోళీలాడుకుంటున్నాడు. వాళ్ళనీ రేపటి పడవలో పంపుతున్నాను. గొంతు నొప్పి వచ్చిన ప్రతి పిల్లకీ ఇంజెక్షన్, ముసురు వెళ్ళాక ఏటా ఒక పూట మోత ఆపడం, ఈ రెండూ కమిటీ ఒప్పుకుంది. మనసు డాక్టరు నా దగ్గరికొచ్చి, మెడికల్ కాలేజీ శబ్దాలు తనకీ ఒకసారి ఇవ్వమన్నాడు. ఇచ్చాను. ఇంకో మాట, ఆ కాసేపూ తీసెయ్యడానికి మోత దొరక్క నువ్వు మైకు చెడిపోయిందని రాసుకున్నావు పెట్టే. చెడిపోలేదు. అది దిద్దుకో.

ఇంక నా ఇష్టమొచ్చింది చెబుతాను.

మోత ఆగగానే కౌముది కేక పెట్టలేదు. పెడుతుందని లీలా నేనూ దాన్ని చెరోపక్కా పట్టుకుని ఉన్నాం. అది కళ్ళు గట్టిగా మూసుకుంది, పళ్ళు బిగించింది, కాళ్ళు దుప్పటి కింద పిచ్చిగా తొక్కడం మొదలెట్టింది. ఆ కదలికల్లోనే వినాల్సి వచ్చింది. "తొక్కుతున్నానమ్మా, వచ్చేత్తది, వచ్చేత్తది," అంటూనే ఉంది. లీల దాని తల తన పొట్టకి అదుముకుని కూర్చుంది. ఊపిరి కూడా చప్పుడు చెయ్యకుండా తీసుకుంది, నాకు అడ్డం రాకూడదని.

మిగతా పిల్లలందరినీ విన్నాక కూడా పంపు ఎత్తుకోలేదు. బయట బకెట్ల చప్పుడు. కౌముది మంచం దగ్గరికి వచ్చి కూలబడ్డాను. పిల్ల చెమటలో తడిసిపోయింది, ఆయాసపడుతోంది, ఇంకా తొక్కుతూనే ఉంది. నాకిక చెప్పడానికి మాటలు మిగల్లేదు. ఏం తోచక స్టెతస్కోపు తీసి దాని చెవుల్లో పెట్టాను, రెండో కొస దాని రొమ్ము మీద ఆనించాను.

కళ్ళు తెరిచింది. అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల పుట్టి ఇన్నేళ్ళలో తన గుండె తను వినడం అదే మొదటిసారి.

"ఏంటండి ఇది?" అంది.

"నీ గుండె."

"ఎప్పుడు మొదలైంది?"

"నువ్వు పుట్టకముందే."

కాసేపు విన్నది. నా వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది.

"దీన్నెవరు తొక్కుతున్నారు?"

"ఎవరూ తొక్కట్లేదమ్మా," అన్నాను. "అదే కొట్టుకుంటుంది."

దుప్పటి కింద ఒక కాలు ఆగింది. కాసేపటికి రెండోది. లీల ఆ కాళ్ళ మీద చెయ్యి వేసి, మళ్ళీ కదులుతాయేమోనని అలాగే ఉంచింది. పంపు ఎత్తుకుని మోత వచ్చేదాకా అవి కదల్లేదు.